పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్: మాటతో మొదలయ్యే పరీక్ష

పెద్దపేగు, పురీషనాళాల క్యాన్సర్ ఉన్నట్టుండి పుట్టుకొచ్చే జబ్బు కాదు. మొదట పేగు లోపలి పొర మీద చిన్న కండలాంటిది మొలుస్తుంది. దాన్ని పాలిప్ అంటారు. చాలా పాలిప్‌లు జీవితాంతం ఏ హానీ చేయకుండా ఉండిపోతాయి. అడినోమా రకానికి చెందినవాటిలో కొన్ని మాత్రం, ఒక్కో జన్యువూ దెబ్బతింటూ పోగా, సుమారు పదేళ్ళలో క్యాన్సర్‌గా మారతాయి. ఏపీసీ, కేరాస్, టీపీ53 వంటి జన్యువుల్లో మార్పులు ఒకదానిమీద ఒకటి ఎలా పోగుపడతాయో 1990లో ఎరిక్ ఫియరాన్, బెర్ట్ వోగెల్‌స్టీన్ ఒక నమూనాగా వివరించారు. ఆ పదేళ్ళూ మనిషికి నొప్పి ఉండదు, ఆకలి తగ్గదు, పని ఆగదు. స్క్రీనింగ్ చేయాల్సింది సరిగ్గా అప్పుడే. జ్వరంతో వచ్చినవాడికి రక్తపరీక్ష ఎందుకో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఏ బాధా లేని మనిషికి మలపరీక్ష ఎందుకో మాత్రం చెప్పి తీరాలి. ఈ స్క్రీనింగ్‌లో ప్రయోగశాల పని చాలావరకు స్థిరపడింది. తడబాటంతా డాక్టరుకూ ఎదుట కూర్చున్న మనిషికీ మధ్య నడిచే నాలుగు నిమిషాల మాటలోనే ఉంది.

2022లో ప్రపంచమంతటా సుమారు 19 లక్షల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ బయటపడింది, 9 లక్షల మంది దీనివల్ల చనిపోయారు. కొత్త కేసుల్లో దీనిది మూడో స్థానం, మరణాల్లో రెండోది. ఎందరో తెలుగువారు పనిచేస్తున్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికల్లో రొమ్ము, థైరాయిడ్ క్యాన్సర్లతో పాటు మొదటి మూడింటిలో ఇదీ కనిపిస్తుంది, మగవాళ్ళలోనైతే ముందువరుసలోనే ఉంటుంది. అక్కడి మార్గదర్శకాలు మామూలు ప్రమాదం ఉన్నవాళ్ళకు 40 ఏళ్ళ నుంచి 75 ఏళ్ళ వరకు స్క్రీనింగ్ సూచిస్తాయి. అమెరికాలో ఈ వయసును 50 నుంచి 45కు దించింది 2021లోనే. ఎమిరేట్స్ ఇంకా ముందునుంచి లెక్కపెట్టడానికి కారణం, ఆ ప్రాంతంలో జబ్బు కాస్త చిన్న వయసులో బయటపడటం. పరీక్షలు ప్రధానంగా రెండు. మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే ఎఫ్.ఐ.టి. మొదటిది. పేగు మొత్తాన్ని కెమెరాతో చూసే కొలనోస్కోపీ రెండోది. కొలనోస్కోపీలో అంతా బాగుంటే మళ్ళీ పదేళ్ళకు చేయించుకుంటే చాలు. ఎఫ్.ఐ.టి. అయితే ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి చేయించుకోవాలి.

భారతదేశంలో ఈ క్యాన్సర్ రేటు ప్రపంచంలోని తక్కువ రేట్లలో ఒకటి. జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమం 30 ఏళ్ళు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలనే చేర్చింది, పెద్దపేగును చేర్చలేదు. కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన మనిషి ఈ పరీక్ష పేరు మొట్టమొదట వినేది అబూధాబీలోనో షార్జాలోనో కావడం మామూలే. తక్కువ రేటున్న దేశంలో పుట్టాం కదా అన్న ధీమా కూడా పరాయి దేశంలో అంతగా నిలవదు. జపాన్ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడినవారి మీద హెన్‌జెల్, కురిహారా 1968లో ప్రచురించిన అధ్యయనం, వలస వెళ్ళినవారిలో పెద్దపేగు క్యాన్సర్ కొత్త దేశపు స్థాయి వైపు పెరుగుతుందని చూపింది. తిండి, బరువు, కూర్చుని చేసే పని, పొగతాగడం, మద్యం, వీటన్నిటికీ ఇందులో పాత్ర ఉంది.

1970ల చమురు జోరు తర్వాత కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ ప్రాంతాల నుంచి, కడప, రాయచోటి వైపు నుంచి, కోనసీమ నుంచి మనుషులు తాపీపనికీ డ్రైవర్లుగానూ ఇళ్ళల్లో పనికీ గల్ఫ్‌కు వెళ్ళారు. తర్వాత ఇంజనీర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు తోడయ్యారు. 1990లలో ఇరవై ఏళ్ళ వయసులో దిగినవారు ఇప్పుడు యాభైకి అటూఇటూగా ఉన్నారు. గల్ఫ్ తెలుగువారిలో ఒక పెద్ద తరం స్క్రీనింగ్ వయసులో ఉంది.

పిలుపు సరిపోతుందా?

ఉత్తరం పంపితే మనుషులు వస్తారా అన్నదానికి బలమైన సమాధానం ఐరోపా నుంచి వచ్చింది. నార్వే, పోలండ్, స్వీడన్‌లలో సుమారు 85 వేల మందిని చేర్చుకుని జరిపిన నార్డిక్ పరిశోధన ఫలితాలు 2022 అక్టోబరులో వెలువడ్డాయి. కొలనోస్కోపీకి రమ్మని పిలిచినవారిలో పరీక్ష చేయించుకున్నది 42 శాతమే. పదేళ్ళ తర్వాత పిలుపు అందుకున్న గుంపులో క్యాన్సర్ వచ్చినవారు వందకు 0.98, అందుకోనివారిలో 1.20. అంటే సుమారు 18 శాతం తగ్గుదల. పత్రికలు దీన్ని కొలనోస్కోపీ వైఫల్యంగా రాశాయి. ఆ పఠనం తొందరపాటు. పరిశోధన కొలిచింది పిలుపు ప్రభావాన్ని. పిలిచినవారిలో సగానికిపైగా గడప దాటనేలేదు.

మాట తీరును నేరుగా పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ ఇనడోమి బృందం సుమారు వెయ్యి మందిని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకు డాక్టర్లు కొలనోస్కోపీ మాత్రమే సిఫార్సు చేశారు. రెండో గుంపుకు మలపరీక్ష మాత్రమే. మూడో గుంపును ఏది కావాలో ఎంచుకోమన్నారు. 2012లో వెలువడిన ఫలితాల్లో, ఏడాదిలోగా స్క్రీనింగ్ పూర్తిచేసినవారు మొదటి గుంపులో 38 శాతం, రెండో గుంపులో 67 శాతం, మూడో గుంపులో 69 శాతం. చాలామంది డాక్టర్లు మంచి పరీక్ష కాబట్టి కొలనోస్కోపీ ఒక్కటే చెబుతారు. రోగి తలూపుతాడు, అపాయింట్‌మెంట్ రాయించుకుంటాడు, రాడు. రెండు దారులూ చూపిస్తే ఏదో ఒకటి నడుస్తాడు. పేదలు, వలసదారులు ఎక్కువగా ఉన్న వైద్యశాలల్లో జరిగిన ప్రయోగం కాబట్టి దుబాయ్‌లో కార్మికులుండే సోనాపూర్‌కూ, అబూధాబీలోని ముసఫ్ఫాకూ దీని పాఠం దగ్గరగా ఉంటుంది.

"నాకేం కాలేదు సార్"

క్లినిక్‌లో తెలుగు కార్మికుడి నోట సాధారణంగా వచ్చే మొదటి జవాబు "నాకేం కాలేదు సార్, మంచిగనే ఉన్న". గోదావరి వైపు మనిషైతే "నాకేం జబ్బండీ, శుభ్రంగా ఉన్నాను కదా" అంటాడు. డాక్టర్లు దీన్ని నిరాకరణగా తీసుకుని మాట మారుస్తారు. నిజానికి అది ప్రశ్న. బాగున్నవాడికి పరీక్ష ఎందుకని అతను అడుగుతున్నాడు. దానికి జవాబు "మంచిగ ఉన్నప్పుడే చేసే పరీక్ష అన్నా ఇది. బాధ మొదలయ్యాక చేసేది వేరే పరీక్ష" అన్నంత సూటిగా ఉండవచ్చు. క్యాన్సర్ పేగు దాటకముందే దొరికితే అయిదేళ్ళకు మించి బతికేవారు అమెరికా లెక్కల్లో సుమారు 90 శాతం, దూరపు అవయవాలకు పాకాక దొరికితే 15 శాతం దగ్గర. పాలిప్ దశలో దొరికితే కొలనోస్కోపీలోనే తీసేయవచ్చు, క్యాన్సర్ అన్న మాటే రాదు. ఈ చివరి వాక్యాన్నే చాలామంది డాక్టర్లు వదిలేస్తారు. స్క్రీనింగ్ అంటే క్యాన్సర్‌ను వెతకడమేనని రోగి అనుకుని భయపడతాడు. క్యాన్సర్ కాకముందున్న దాన్ని తీసేయడం కూడా అందులో సగం పని అని అతనికి తెలియదు.

మాట మొదలుపెట్టేముందు డాక్టరు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మలంలో రక్తం పడుతోందా, కారణం లేకుండా బరువు తగ్గారా, కొన్ని వారాలుగా విరేచనం తీరు మారిందా, రక్తహీనత ఉందా? వీటిలో ఏదున్నా అతనికి స్క్రీనింగ్ పనికిరాదు, నేరుగా రోగనిర్ధారణ జరగాలి. ఇక్కడ అడ్డొచ్చేది మొలల కథ. రక్తం పడితే మొలలేనని రోగి తనకు తానే నిర్ణయించుకుంటాడు, మెడికల్ షాపులో మందు కొనుక్కుంటాడు, కారం తగ్గిస్తాడు. డాక్టరు కూడా వేలితో చూడకుండా మొలలని రాసేసిన సందర్భాలకు కొదవలేదు. మొలలు ఉన్నవారికి పాలిప్ ఉండకూడదన్న నియమం ఏదీ లేదు. "రక్తం పడుతోందా" అని ఒకసారి అడిగితే "లేదు" అంటారు. "మొలలు ఉన్నాయా, ఎప్పుడైనా ఇబ్బంది పెట్టాయా" అని అడిగితే మూడేళ్ళ చరిత్ర బయటికి వస్తుంది.

ఇక వీసా. గల్ఫ్ కార్మికుడి అనుభవంలో మెడికల్ అంటే బయలుదేరేముందు హైదరాబాద్‌లోనో ముంబైలోనో జరిగే తనిఖీ, దిగాక జరిగే రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. అందులో అన్‌ఫిట్ అని వస్తే అప్పు తీరకముందే విమానం ఎక్కాలి. ఎమిరేట్స్‌లో నివాస వీసా కోసం చేసే పరీక్షల గురి ప్రధానంగా క్షయ, హెచ్.ఐ.వి. వంటి అంటువ్యాధుల మీద. పెద్దపేగు స్క్రీనింగ్ వాటిలో లేదు. ఈ సంగతి డాక్టరు అడగకుండానే చెప్పాలి, ఎందుకంటే రోగి తనంతట తాను అడగడు. "ఇది వీసా మెడికల్ కాదు. ఇందులో ఫిట్, అన్‌ఫిట్ ఉండదు. ఫలితం మీకు చెబుతాం" అంటే భుజాలు కాస్త దిగుతాయి. 2016 నాటి వైద్య బాధ్యతల చట్టం రోగి రహస్యాన్ని కాపాడమని డాక్టరును కట్టడి చేస్తుంది. అయితే క్యాన్సర్ తేలితే ఉద్యోగం ఏమవుతుంది, బీమా ఎంతవరకు వస్తుంది అన్న భయం ఉత్తుత్తిది కాదు. దాన్ని "అదేం కాదులే" అని కొట్టేసే డాక్టరు నమ్మకం పోగొట్టుకుంటాడు. పాలిప్‌కూ క్యాన్సర్‌కూ తేడా చెప్పి, బీమా సంగతి క్లినిక్‌లోని బీమా కౌంటర్‌లో ముందే తేల్చి చెప్పడం మేలు.

బీమా విషయంలో ఎమిరేట్ మారితే నియమం మారుతుంది. అబూధాబీలో ఆరోగ్య బీమా తప్పనిసరి చేసే చట్టం 2005 నాటిది, దుబాయ్‌ది 2013 నాటిది. షార్జా, అజ్మాన్ మొదలైన ఉత్తర ఎమిరేట్లలో ప్రైవేటు ఉద్యోగులకు, ఇంటిపనివారికి 2025 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. దుబాయ్‌లో నెలకు 4,000 దిర్హాముల లోపు జీతగాళ్ళకు ఉద్దేశించిన ప్రాథమిక పథకంలో 'బస్మా' పేరుతో మూడు క్యాన్సర్లకు స్క్రీనింగ్, చికిత్సల ఏర్పాటు ఉంది. రొమ్ము, గర్భాశయ ముఖద్వారంతో పాటు పెద్దపేగు వాటిలో ఒకటి. తన కార్డులో ఇది ఉందని తెలిసిన తాపీమేస్త్రీని వెతికి పట్టుకోవడం కష్టం. ఆ మాట చెప్పాల్సింది కూడా ఎదుటనున్న డాక్టరో నర్సో.

"సెలవు మీద ఊరికి పోయినప్పుడు చూపించుకుంట" అన్నది మరో మామూలు జవాబు. అది వాయిదా మాత్రమే అనుకోనక్కర్లేదు. ఊళ్ళో భాష తెలుసు, తోడు మనుషులున్నారు, హైదరాబాద్‌లో డాక్టర్ డి.నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వంటి ఎండోస్కోపీకి పేరుమోసిన ఆసుపత్రులూ ఉన్నాయి. కానీ రెండేళ్ళకొకసారి వచ్చే నెలన్నర సెలవులో పెళ్ళిళ్ళు, బ్యాంకు పని, ఇంటి స్లాబు ముందుంటాయి. పరీక్ష చివరి వారానికి జారి ఆగిపోతుంది. తెలివైన డాక్టరు ఆ కోరికను కాదనకుండా, "కొలనోస్కోపీ అక్కడే చేయించుకోండి, ఈ చిన్న మలపరీక్ష మాత్రం ఈ వారమే ఇచ్చి వెళ్ళండి" అంటాడు.

డబ్బా, ఎండ, ఆరుగురి గది

ఎఫ్.ఐ.టి. సులువైన పరీక్ష. మనిషి రక్తంలోని గ్లోబిన్‌ను యాంటీబాడీలతో గుర్తిస్తుంది కాబట్టి, పాత తరం మలపరీక్షలా మాంసం మానేయాలన్న నియమం లేదు. చిన్న పుల్లతో మలాన్ని నాలుగైదు చోట్ల గీరి, ద్రవం ఉన్న గొట్టంలో పెట్టి మూత బిగించాలి. సాధారణంగా గ్రాము మలానికి 20 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ దాటితే పాజిటివ్ అంటారు. పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఒక్కసారి చేసిన ఎఫ్.ఐ.టి. ఉన్న క్యాన్సర్లలో సుమారు 79 శాతాన్ని పట్టుకుంటుంది. మిగిలినవి తప్పించుకుంటాయి కనుకే మళ్ళీమళ్ళీ చేయించుకోవాలి. "నెగెటివ్ వచ్చింది, ఇక భయం లేదు" అని ముగించే డాక్టరు ఆ మనిషిని వచ్చే పరీక్షకు రాకుండా చేస్తాడు.

కాగితం మీద సులువుగా ఉన్నది కార్మికుల క్యాంపులో అంత సులువు కాదు. ఒక గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది. తెల్లవారుజామున బాత్‌రూమ్ ముందు వరుస. నేలలోని దొడ్డి గిన్నె, పక్కన నీళ్ళ పైపు. మలం నీటిలో పడకముందే, కడుగుడు నీళ్ళు తగలకముందే నమూనా తీయాలి. దానికి పాత పత్రికో వాడిపారేసే గిన్నో పరచుకోవాలని ఎవరైనా చెప్పారా? తీసిన గొట్టాన్ని ఎక్కడ పెట్టాలి? అందరూ కూర పెట్టుకునే ఫ్రిజ్‌లో పెట్టడం పెద్ద సంకోచం. కవరులో చుట్టి బట్టల పెట్టెలో పెడతారు, లేదా కంపెనీ బస్సులో బ్యాగులో మోస్తారు.

ఇక్కడ వాతావరణం నేరుగా ప్రయోగశాలలోకి ప్రవేశిస్తుంది. వేడికి హిమోగ్లోబిన్ విచ్ఛిన్నమవుతుంది. ఇటలీలోని ఫ్లోరెన్స్ స్క్రీనింగ్ కార్యక్రమం లెక్కలు పరిశీలిస్తే వేసవిలో పాజిటివ్ ఫలితాలు చలికాలం కన్నా సుమారు 17 శాతం తక్కువగా వచ్చాయని 2010లో తేలింది. ఫ్లోరెన్స్ వేసవికీ అబూధాబీ వేసవికీ పోలికే లేదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఆరుబయట పని నిషేధించేంత ఎండ అది. పార్కింగ్‌లో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద గొట్టం రెండు గంటలుంటే, ఉన్న రక్తం కూడా కనిపించకుండా పోవచ్చు. "తీసిన వెంటనే కవరులో చుట్టి చల్లగా ఉంచండి, బండిలో వదలకండి, ఆ రోజో మర్నాడో తెచ్చివ్వండి" అన్న వాక్యం ఆ దేశంలో మర్యాద మాట కాదు, పరీక్ష కచ్చితత్వంలో భాగం. క్యాంపు క్లినిక్‌లోనే నమూనా తీసుకునే ఏర్పాటుంటే ఇంకా మంచిది.

ఎవరి భాషలో?

ఎమిరేట్స్ క్లినిక్‌లో డాక్టరు ఈజిప్టువాడో సిరియావాడో కావచ్చు, నర్సు కేరళ అమ్మాయో ఫిలిప్పీన్స్ అమ్మాయో కావచ్చు, రోగి రాజంపేట మనిషి కావచ్చు. అందరూ కలిసి వాడేది వంగిన హిందీ, విరిగిన ఇంగ్లీషు. జ్వరం, దగ్గు వంటివి ఆ భాషలో దాటిపోతాయి. మలం, మలద్వారం, పాలిప్, మత్తు ఇంజెక్షన్, రంధ్రం పడే ప్రమాదం మాత్రం దాటవు. తోడొచ్చిన రూమ్మేటో సూపర్‌వైజరో అనువదిస్తే ఇంకో చిక్కు. అతను సిగ్గుపడి సగం మింగేస్తాడు, డాక్టరు అయిదు వాక్యాలు చెబితే "టెస్టు చేయించుకోమంటుండు" అని ఒక్కటి చేస్తాడు. పైగా సూపర్‌వైజరు ముందు మొలల సంగతి ఎవరు చెప్పుకుంటారు? ఫోను మీద శిక్షణ పొందిన అనువాదకుణ్ణి పెట్టుకోవడం, తెలుగులో అచ్చువేసిన బొమ్మల కాగితం చేతికివ్వడం దీనికి చవకైన మందు. అదే ఆసుపత్రిలో పనిచేసే తెలుగు నర్సును, రోగి ఒప్పుకుంటే, పది నిమిషాలు పిలిపించుకోవచ్చు.

అర్థమైందో లేదో తెలుసుకునే పద్ధతి ఒకటి వైద్యశాస్త్రంలో స్థిరపడింది. "అర్థమైందా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు, పెద్దవాళ్ళ ముందు కాదనడం మన మర్యాదలో లేదు. దానికి బదులు "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికెళ్ళి ఈ గొట్టంతో ఏం చేస్తారో ఒకసారి చెప్పండి" అని అడగాలి. పరీక్ష రోగికి పెట్టినట్టు ఉండదు, తప్పుంటే అక్కడే దిద్దవచ్చు.

ఎమిరాతీ స్త్రీలకూ, చాలామంది తెలుగు స్త్రీలకూ కొలనోస్కోపీ చేసే డాక్టరు ఆడవాళ్ళయితే సుఖం. వారు అడిగేదాకా ఆగకుండా ముందే అడిగితే తిరస్కరణలు తగ్గుతాయి. రంజాన్‌లో కొలనోస్కోపీకి తేదీ ఇవ్వడం ఉపవాసం ఉండేవారికి అర్థంలేని పని, పేగు శుభ్రపరిచే మందుతో లీటర్ల కొద్దీ ద్రవం తాగాలి కదా. మలపరీక్షకు ఉపవాసం అడ్డు కాదు.

పాజిటివ్ వచ్చిన తర్వాత

స్క్రీనింగ్‌లో అసలు ప్రమాదకరమైన ఖాళీ ఇక్కడ ఉంది. ఎఫ్.ఐ.టి. పాజిటివ్ అంటే కొలనోస్కోపీ చేయించుకోవాలని అర్థం, ఇంకేమీ కాదు. మళ్ళీ ఎఫ్.ఐ.టి. చేసి నెగెటివ్ వస్తే వదిలేయడం తప్పు. మొలల వల్ల వచ్చి ఉంటుందని సర్దుకోవడం అంతకన్నా తప్పు. కాలిఫోర్నియాలో డగ్లస్ కోర్లే బృందం 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పాజిటివ్ వచ్చాక కొలనోస్కోపీ పది నెలలు దాటి ఆలస్యమైతే క్యాన్సర్, అందులోనూ ముదిరిన క్యాన్సర్, దొరికే అవకాశం పెరిగింది. అందువల్ల ఆ సంభాషణను మొదటి రోజే సగం చేసి పెట్టాలి. గొట్టం ఇస్తున్నప్పుడే "పాజిటివ్ వస్తే కెమెరా పరీక్ష చేయాలి, దానికి సిద్ధమేనా" అని అడగాలి. ఫలితం వచ్చాక సంఖ్యలు వాడేటప్పుడు శాతాలకన్నా మనుషుల లెక్క మేలు. "పాజిటివ్ వచ్చిన వందమందిలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు, మామూలుగా పదిమందికీ తక్కువే. ఇంకొందరికి పాలిప్‌లు ఉంటాయి, అక్కడే తీసేస్తారు" అంటే నిద్రపడుతుంది. ఫలితాన్ని ఎస్ఎంఎస్‌లో ఒంటరిగా పంపితే పట్టదు.

కొలనోస్కోపీ ప్రమాదాన్నీ దాచకూడదు. అమెరికా నిపుణుల సంఘం 2021లో క్రోడీకరించిన లెక్కల్లో స్క్రీనింగ్ కొలనోస్కోపీ చేయించుకున్న పదివేల మందిలో సుమారు ముగ్గురికి పేగుకు రంధ్రం, సుమారు పదిహేనుమందికి గట్టి రక్తస్రావం. పాలిప్‌లు తీసినప్పుడు ఎక్కువ, తీయనప్పుడు తక్కువ. చేసేవారి నైపుణ్యం కూడా లెక్కలోకి వస్తుంది. ఒక డాక్టరు ఎంతమందిలో అడినోమాలు కనిపెడుతున్నాడన్న రేటు ఒక్క శాతం పెరిగితే ఆయన రోగుల్లో తర్వాతి క్యాన్సర్ ముప్పు మూడు శాతం తగ్గిందని 2014లో తేలింది. రోగి ఆ రేటు అడగవచ్చు. అడిగితే నొచ్చుకునే డాక్టర్లూ ఉంటారు, అది వేరే సంగతి.

పేగు శుభ్రం చేసుకునే ముందురోజు ఆహార పట్టిక చాలా ఆసుపత్రుల్లో బ్రెడ్, సూప్, జెల్లీలతో నిండి ఉంటుంది. తెలుగు మనిషికి దాన్ని విప్పి చెప్పాలి. రెండు మూడు రోజుల ముందునుంచి ఆకుకూరలు, గోంగూర, పప్పు, టమాటా గింజలు, నువ్వుల పొడి మానాలి. తెల్ల అన్నం, ఇడ్లీ, పెరుగు తినవచ్చు. ముందురోజు అంతా వడకట్టిన ద్రవాలే. కొబ్బరినీళ్ళు, వడకట్టిన పలుచని చారు, పాలు లేని సులేమానీ చాయ్ పనికొస్తాయి. మజ్జిగ, లబన్, రూఅఫ్జా వంటి ఎర్రటి షర్బత్ పనికిరావు. ఐరన్ మాత్రలు ఎన్ని రోజుల ముందు ఆపాలో, చక్కెర జబ్బు మందు ఎలా సర్దుకోవాలో, రక్తం పలుచబరిచే మందులు వేసుకుంటున్నారో లేదో, విడిగా అడగాలి. మందు రెండు విడతలుగా, రెండో సగం తెల్లవారుజామున తాగితే పేగు బాగా శుభ్రపడుతుంది. మత్తు ఇచ్చిన రోజు బండి నడపకూడదు, తోడు మనిషి కావాలి. డ్రైవరు ఉద్యోగికి ఇది ఒకరోజు జీతం మాట కాబట్టి సెలవు కాగితం గురించి ముందే మాట్లాడుకోవాలి.

కుటుంబం గురించిన ప్రశ్న

తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఎవరికైనా 60 ఏళ్ళ లోపు ఈ క్యాన్సర్ వస్తే, 40 ఏళ్ళకు గానీ, ఆ బంధువుకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ళు ముందుగా గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టమని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. కానీ మన ఇళ్ళల్లో క్యాన్సర్ పేరు ఎత్తరు. నాన్న దేంతో పోయారంటే "కడుపులో గడ్డ", "పేగు పూత", "పచ్చకామెర్లు" అని వస్తుంది. "క్యాన్సర్ ఉందా" అని అడిగే బదులు "ఎవరికైనా పేగు ఆపరేషన్ అయిందా, పొట్టమీద సంచి పెట్టారా, హైదరాబాదో విశాఖో తీసుకెళ్ళి కీమో ఇచ్చారా, యాభై లోపే పోయారా" అని అడిగితే నిజం దగ్గరపడుతుంది.

మరో ప్రశ్న ఎమిరాతీలకూ తెలుగువారికీ సమానంగా వర్తిస్తుంది. రెండు సమాజాల్లోనూ దగ్గర బంధువుల పెళ్ళిళ్ళున్నాయి, మనకు మేనరికం. ఎం.యు.టి.వై.హెచ్. జన్యువులో తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి రెండు లోపాలూ వస్తే పేగులో పదులకొద్దీ పాలిప్‌లు పుడతాయి. ఈ సంగతిని 2002లో బయటపెట్టిన పరిశోధనా పత్రం మొదటి రచయిత సౌదీ శాస్త్రవేత్త నాదా అల్ తస్సాన్. ఇలాంటి కుటుంబంలో తల్లిదండ్రులిద్దరూ సాధారణంగా జబ్బు లేకుండానే ఉంటారు, పిల్లల్లో కొందరికి వస్తుంది. "అమ్మానాన్నలకు ఏమీ లేదు" అన్న జవాబుతో ఆగిపోయే డాక్టరుకు ఇది దొరకదు. అన్నదమ్ముల గురించి, అక్కచెల్లెళ్ళ గురించి, తల్లిదండ్రుల చుట్టరికం గురించి అడిగితే దొరుకుతుంది.

ఇదంతా ఒక్క డాక్టరు నాలుగు నిమిషాల్లో చేయలేడు. అమెరికాలో హారొల్డ్ ఫ్రీమన్ 1990లో హార్లెమ్ ఆసుపత్రిలో పేద రోగుల చెయ్యి పట్టుకు నడిపించే సహాయకులను పెట్టాడు. ఫోను చేయడం, తేదీ గుర్తుచేయడం, బీమా కాగితం పూర్తిచేయడం వారి పని. ఎమిరేట్స్‌లో ఈ పనికి నర్సులు, క్యాంపు క్లినిక్ సిబ్బంది, కంపెనీ ఆరోగ్య అధికారులు సరిపోతారు. అబూధాబీలో మలఫ్ఫీ, దుబాయ్‌లో నాబిద్, మిగతా ఎమిరేట్లలో రియాయతీ పేరుతో నడిచే ఆరోగ్య రికార్డుల వ్యవస్థలు ఎవరికి పరీక్ష బాకీ ఉందో చూపగలవు. ఆ జాబితాలోని మనిషికి ఫోను చేసేది మాత్రం మనిషే కావాలి, అతని భాషలో.

గల్ఫ్ జీవితం ఏదో ఒకనాడు వీసా రద్దుతో ముగుస్తుంది. రికార్డులు ఆ దేశంలో ఉండిపోతాయి, పేగు మనిషితో ఊరికి వస్తుంది. పాలిప్‌లు తీసినవారు మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలన్నది వాటి సంఖ్య, పరిమాణం, రకం మీద ఆధారపడుతుంది. సెంటీమీటరు లోపు అడినోమాలు ఒకటో రెండో అయితే ఏడు నుంచి పదేళ్ళకు, అంతకన్నా పెద్దదుంటే మూడేళ్ళకు. అందువల్ల వెళ్ళేముందు చివరి సంభాషణలో డాక్టరు ఇవ్వాల్సింది ఒక కాగితం. పేగు ఎంత శుభ్రంగా కనిపించింది, చివరిదాకా చూశారా, ఎన్ని పాలిప్‌లు ఏ సైజులో తీశారు, ల్యాబు వాటిని ఏమంది, తర్వాతి తేదీ ఏ సంవత్సరం, ఇవన్నీ దాని మీద ఉండాలి. కొలనోస్కోపీ చేసినచోటే ఫొటోలతో కూడిన నివేదిక అడిగి తీసుకుంటే, జగిత్యాలలోనో కడపలోనో కూర్చున్న డాక్టరు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.